నాలుకకు అంటిన రాయి

ఆ ఉదయం కోడలి పథకం చాలా చిన్నది: మూడు నల్లరాళ్లు పట్టుకుని పరిశోధనశాలకు వెళ్లి, డైరెక్టరు ముందు వాటి సంగతి చెప్పి, ఊగుతున్న ఉద్యోగాన్ని నిలబెట్టుకోవడం. ఒకటి పచ్చిరాయి. రెండోది కొలిమిలో సగం కాల్చినది. ఎప్పటి జీవాల అవశేషాలో నూనెగా మారి లోపలి సన్నటి రంధ్రాలను పూడ్చేశాయి. మూడోది బాగా కాల్చినది. ఆ నూనె కూడా గ్యాసై ఎగిరిపోయి కొత్త రంధ్రాలను వదిలిపెట్టింది. చూడ్డానికి మూడూ ఒక్కలాగే ఉంటాయి కనుక సుద్దముక్కతో అంకెలు వేసి బల్లమీద పెట్టింది.

ఆమె భర్తకు ఎక్కడ మరక కనబడినా చెయ్యి ఊరుకోదు. సాయం చేద్దామని మూడింటినీ తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో అద్ది, తళతళలాడించాడు.

"అంకెలేవండీ?"

"మురికనుకున్నానే..."

కోడలు మూడింటినీ తిప్పి తిప్పి చూసింది. చివరికి రాళ్లు చదివినవాళ్ల పాత పద్ధతికే దిగింది. రంధ్రాలున్న రాయి తడి పీల్చుకుని నాలుకకు అంటుకుంటుంది. ఆమె రాళ్లు నాకడం మొదలుపెట్టేసరికి అత్తగారు వంటింట్లోంచి తొంగిచూశారు.

పొద్దున్నే రాయి నాకే కోడలిని చూస్తే ఏ అత్తగారికైనా తోచేది ఒక్కటే. వెంటనే పక్కవీధిలో ఉన్న కూతురికి ఫోన్ చేశారు. "నీ మరదలు వట్టి మనిషి కాదే! మనసు రాళ్లమీదికి పోయింది!"

భర్త కుర్చీలో కూలబడ్డాడు. "నాతో ఒక్కమాటైనా చెప్పలేదేమే?" అని కళ్లు తుడుచుకున్నాడు. నోట్లో రాయి ఉండగా ఆమె మాత్రం ఏం చెబుతుంది? ఈలోగా ఆడపడుచు ఊయలతో, రంగురంగుల బుల్లి సాక్సులతో దిగింది. అదే సమయానికి డైరెక్టరు ఫోన్. అత్తగారే ఎత్తారు.

"ఇవాళ రాదు బాబూ. రాళ్లు నాకుతోంది."

ఉద్యోగం ఊడినట్టేననుకుని కోడలు ఫోన్ కోసం చెయ్యి చాచింది. డైరెక్టరు మాత్రం ఫోన్ పెట్టెయ్యలేదు.

"ఏది అంటుకుందో అడగండమ్మా."

కోడలు ఫోన్ లాక్కుంది. "అంకెలు చెరిగిపోయాయండీ. ఒకటి గట్టిగా పట్టేసింది, బాగా కాలిందదే. జారిపోయింది సగం కాలింది. కొంచెం పట్టీ పట్టనట్టుంది పచ్చిది."

"అంకెలు చెరిగితే సెలవు పెట్టేవాళ్లనే చూశానమ్మా ఇన్నాళ్లూ. ఉద్యోగం నీదే. మళ్లీ కలపకుండా పట్టుకురా."

కోడలు ఆనందం పట్టలేక మూడు రాళ్లనూ మూడు రంగుల సాక్సుల్లో వేసుకుంది. అసలు సంగతి తెలిసి అత్తగారి మొహం చిన్నబోయింది. అయినా గుమ్మందాకా వచ్చారు.

"రాళ్లు పోయినా పరవాలేదు గానీ సాక్సులు జాగ్రత్త. ఎప్పటికైనా పనికొస్తాయి."