నిద్రలో ఉన్న నివాసి

సుభాషిణి దేహంలో ఇరవై ఆరేళ్లుగా కాపురముంటున్న సైటోమెగాలో వైరస్‌కు శాశ్వత నివాస ధ్రువపత్రం మంజూరైందని, ఆమెకు నాలుగో నెల నడుస్తుండగా, దేహాంతర నివాసుల శాఖ నుంచి ఉత్తరం వచ్చింది.

అలాంటి ఉత్తరాలు ఆ వీధిలో దాదాపు ప్రతి ఇంటికీ వచ్చాయి. అత్తగారు రత్నమ్మకైతే రెండు వచ్చాయి. రెండోది చిన్నప్పుడు ఆమెకు అమ్మవారు పోసినప్పుడు వచ్చి, వెన్నుపూస పక్కన స్థిరపడిపోయిన వైరస్‌ది. రెండు ఉత్తరాలనీ ఆవిడ గ్యాసు పుస్తకంలో పెట్టేసి, "మన ఒంట్లో మనకి తెలీకుండా ఇంతమంది ఉన్నారన్నమాట" అని కూర తరగడానికి కూర్చుంది.

సుభాషిణి మాత్రం అలా ఊరుకోలేకపోయింది. ఆమె అంగన్‌వాడీ టీచరు. ప్రతి కాగితాన్నీ చివరిదాకా చదివే అలవాటు ఆమెది. ఆ ఉత్తరం కింద చిన్న అక్షరాల్లో 'గర్భిణులు తమ సందేహములను సంబంధిత గుమాస్తా వద్ద నివృత్తి చేసుకొనవచ్చును' అని ఉంది. మర్నాడు సెలవు పెట్టి ఆఫీసుకు వెళ్లింది.

గుమాస్తా ముక్తేశ్వరరావు మర్యాదస్తుడు. ఆమెను కూర్చోమని, ఫైలు తెప్పించి, నెమ్మదిగా చదివాడు.

"మీ మూడో ఏట వచ్చారమ్మా వారు. మీ మేనమామ గారమ్మాయి సగం చీకి ఇచ్చిన పుల్ల ఐసు ద్వారా ప్రవేశం. రెండ్రోజులు ఒళ్లు వెచ్చబడింది. అప్పట్నుంచి నిద్రలో ఉన్నారు."

"ఎవరండీ?"

"వైరస్ గారు."

"ఖాళీ చేయించడం కుదరదాండీ?"

"ఆ నిబంధన లేదమ్మా. ఒకసారి వచ్చాక జన్మంతా ఉంటారు. అయినా ఇన్నేళ్లలో మిమ్మల్ని ఏమన్నా అన్నారా?"

"లేదండీ."

"మరింకేంటి?"

కడుపులో బిడ్డ సంగతేమిటని సుభాషిణి అడిగింది. అది వేరే చిరునామా కిందికి వస్తుందని, నాలుగో కౌంటరు చూస్తుందని ఆయన చెప్పాడు. నాలుగో కౌంటరు మూసి ఉంది. పుట్టేవరకూ బిడ్డకు చిరునామా ఉండదు గనక పుట్టాకే తెరుస్తారని తలుపు మీద బోర్డు కూడా ఉంది.

అక్కణ్నుంచి ఆమె ఆసుపత్రికి వెళ్లి డాక్టర్ నస్రీన్‌కు ఉత్తరం చూపించింది. నస్రీన్ అది చదివి ఆశ్చర్యపోలేదు. ఆవిడకూ ఒకటి వచ్చింది.

"ఇది చాలామందిలో ఉంటుంది సుభాషిణీ. ఆరోగ్యంగా ఉన్నవాళ్లని ఏం చెయ్యదు. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్ల లాగా రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకి ప్రమాదం. కడుపులో బిడ్డకి కూడా. నీలో ఉన్నది మళ్లీ లేచినా, పిల్లల నుంచి ఇంకో రకం అంటుకున్నా, బిడ్డదాకా వెళ్లొచ్చు. ఎక్కువసార్లు వెళ్లదు. వెళ్లినా ఎక్కువమంది పిల్లలకి ఏమీ కాదు. కొందరికి మాత్రం వినికిడి పోతుంది."

"అంటే నా బిడ్డకి ఏమవుతుందండీ?"

"అది ఇప్పుడే చెప్పలేను."

కాదని అనలేదు, అవునని అనలేదు. ఇంటికొచ్చేదాకా సుభాషిణి ఆ మాటల్ని ఎటు తిప్పి చూసినా భయపడాలో వద్దో తేలలేదు. తేలింది ఒక్కటే. పిల్లల చొంగ, ముక్కు, తడి గుడ్డలు ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఎంగిలి తినకూడదు. పిల్లల మూతి మీద ముద్దు పెట్టకూడదు.

అంగన్‌వాడీలో పద్దెనిమిది మంది పిల్లలు. చొంగలూ ముక్కులూ అన్నాళ్లూ ఆమె చీర కొంగుతోనే తుడిచింది. పిల్లలు సగం తిని వదిలేసిన గుడ్డు పారెయ్యడానికి మనసొప్పక నోట్లో వేసుకునేది. అవన్నీ మానేసింది. ఆయా పైడమ్మ విసుక్కుంది. "ఏంటండీ టీచరమ్మా, పిల్లలేమన్నా అంటరానోళ్లా? ఇన్నాళ్లూ లేని అసయ్యం ఇప్పుడెక్కణ్నుంచి వచ్చింది?" ఇంట్లో మూడేళ్ల కూతురు హాసిని మూతి చాపి నిలబడితే సుభాషిణి నుదుటి మీద ముద్దు పెట్టేది. ఆ పిల్ల నుదురు తుడిచేసుకుని, మళ్లీ మూతి చాపేది.

ఏడో నెలలో ఇంకో ఉత్తరం వచ్చింది. 'తమ దేహ నివాసి గత మాసము మూడవ తేదీ నుండి పద్నాలుగవ తేదీ వరకు మేల్కొని యుండి, తిరిగి నిద్రించినారు. సమాచార నిమిత్తము.'

ఆ పన్నెండు రోజులూ తాను ఏం చేసిందో గుర్తు చేసుకోవడానికి ఆమె చాలా ప్రయత్నించింది. జ్వరం రాలేదు. కాస్త నీరసంగా ఉంటే ఎండవల్ల అనుకుంది. ఒక ఆదివారం ఇడ్లీకి పప్పు రుబ్బింది. ఒంట్లో ఇంత జరిగిన రోజులు అంత మామూలుగా గడిచిపోయినందుకు ఆమెకు తన ఒళ్లే పరాయిదనిపించింది.

ముక్తేశ్వరరావును మళ్లీ అడిగింది. "మేలుకున్నప్పుడు ఎక్కడికి వెళ్లారండీ?"

"వారి రాకపోకలు గోప్యమమ్మా" అన్నాడాయన, నిజంగానే నొచ్చుకుంటూ.

నెలలు నిండి ఆడపిల్ల పుట్టింది. బరువు సరిపడా ఉంది. బాగా ఏడ్చింది. భర్త బుల్లియ్య ట్రాక్టర్ల షెడ్డు నుంచి గ్రీసు చేతులతోనే పరుగెత్తుకొచ్చి, ముట్టుకోవడానికి భయపడి, చేతులు వెనక్కి కట్టుకుని చూశాడు. అందరూ నవ్వారు. డాక్టర్ నస్రీన్ మాత్రం సుభాషిణి మంచం పక్కన కూర్చుని, ఇరవై ఒక్క రోజుల్లోపు పాప మూత్రం పరీక్ష చేయించాలని చెప్పింది. ఆ గడువు దాటాక వైరస్ కనిపించినా, అది కడుపులోనే వచ్చిందో, పుట్టాక పాల ద్వారానో ముద్దుల ద్వారానో వచ్చిందో ఎవరూ తేల్చలేరు.

పరీక్షకు శాఖ అనుమతి కావాలి. నివాసి ఉన్నారో లేరో తెలియకుండా తలుపు తట్టడం వారి ఏకాంతానికి భంగమని నిబంధన. పసికందు చిరునామా కోసం నాలుగో కౌంటరు తెరిచారు. దరఖాస్తు తీసుకున్నారు. తనిఖీకి ఇరవై నాలుగో రోజు ఇచ్చారు.

"ఇరవై ఒకటి దాటితే పుట్టుకతో వచ్చిందో లేదో చెప్పలేరంటండీ" అంది సుభాషిణి.

"అందుకేనమ్మా ఇరవై నాలుగు ఇచ్చింది" అన్నాడు ముక్తేశ్వరరావు. "దాటాకైతే ఎవరికీ ఏ వివాదమూ ఉండదు."

బుల్లియ్య ఇంటికి పోదామన్నాడు. "పిల్ల బంగారంలా ఉంది. లేనిపోని పరీక్షలెందుకే?" ఆమెకూ అది నిజమే అనిపించింది. పాప పాలు తాగుతోంది, నిద్రపోతోంది. ఉందో లేదో తెలియని దాని కోసం ఇంత తిరగడమేమిటని ఒక రోజు అనుకునేది. తెలుసుకోకపోతే ఎలా అని మర్నాడు అనుకునేది. అలా పద్దెనిమిది రోజులు గడిచాయి.

పంతొమ్మిదో రోజు పొద్దున్నే పాపను ఎత్తుకుని వెళ్లి ముక్తేశ్వరరావు బల్ల ముందు కూర్చుంది. కదలనంది. ఆయన బతిమాలాడు, మంచినీళ్లు తెప్పించాడు, నిబంధనల పుస్తకం తెరిచి చూపించాడు. ఆమె పాపను ఒడిలోంచి బల్ల మీదికి మార్చి పక్కగుడ్డ సర్దబోతుంటే, పాప అక్కడున్న తన దరఖాస్తు మీద ఉచ్చ పోసింది.

ముక్తేశ్వరరావు కుర్చీ వెనక్కి జరిపాడు. బంట్రోతు గుడ్డ తేబోయాడు.

"తుడవకండి" అంది సుభాషిణి. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఆఫీసుకి అందిందా లేదా? అందితే ఇన్‌వర్డ్ రిజిస్టర్లో రాయండి."

ఆయన నిబంధనల పుస్తకం మళ్లీ తిరగేశాడు. ఆఫీసుకు అందినది ఏదైనా అదే రోజు సంబంధిత విభాగానికి పంపాలన్నది ఆ పుస్తకంలోనే, మొదటి పేజీలో ఉంది. దానికి మినహాయింపు లేదు. నంబరు వేశాడు. 'అందినది' అని ముద్ర కొట్టాడు. తడి దరఖాస్తును కవరులో పెట్టి ల్యాబుకు పంపించాడు. ల్యాబువాళ్లు కూడా ఇదేమిటని అడగలేదు. నంబరు ఉంది గనక పరీక్ష చేశారు.

ఇరవై ఏడో రోజున ఫలితం వచ్చింది. నివాసి ఉన్నారు, పుట్టుకతోనే ఉన్నారు. ఆ సాయంత్రమే నస్రీన్ పాప తలకు తీగలు అంటించి చెవుల పరీక్ష చేయించింది. ఎడమ చెవి వింటోంది. కుడి చెవి వినడం లేదు.

"నావల్లేనాండీ?" అని అడిగింది సుభాషిణి.

"కాదు. ఎవరి తప్పూ కాదు."

"మరైతే ఎలా వచ్చిందండీ?"

"నీ నుంచే వచ్చింది" అంది నస్రీన్, అబద్ధం చెప్పలేక. "కానీ నీ తప్పు కాదు."

ఆ రెండు మాటలూ ఒకదాని పక్కన ఒకటి ఎలా ఇముడుతాయో సుభాషిణికి అర్థం కాలేదు. పాపకు ఆరు నెలలు వాడాల్సిన నోటి మందు మొదలుపెట్టారు. పోయిన వినికిడి తిరిగి రాదని, ఉన్న చెవి నిలబడటానికే ఆ మందని, నిలబడుతుందని హామీ ఏమీ లేదని, బడికి వెళ్లే వయసు దాకా ఆరు నెలలకోసారి పరీక్ష చేయిస్తూ ఉండాలని నస్రీన్ చెప్పింది. వారం రోజులు రత్నమ్మ పాప కుడివైపు నిలబడి గరిటెతో కంచం కొట్టి చూసింది. పాప ఉలిక్కిపడినప్పుడల్లా "చూశావా, వింటోంది" అనేది. ఎడమ చెవితో వింటోందని ఆవిడకు చెప్పడం ఎవరికీ ఇష్టం లేకపోయింది.

ఏడాది తిరిగేసరికి ఎడమ చెవి నిలబడే ఉంది. తర్వాతి పరీక్షకు పాప పేరిట నివాసి కార్డు కావాలంటే సుభాషిణి మళ్లీ ఆ ఆఫీసు వరసలో నిలబడింది. ముందున్న అమ్మాయికి అయిదో నెల. చంకలో పిల్లాడు చీకిన బిస్కెట్టు తీసి తల్లి నోట్లో పెట్టబోతున్నాడు. ఆ అమ్మాయి నోరు తెరిచింది.

సుభాషిణి పిల్లాడి చెయ్యి పట్టుకుని ఆపింది. ఎందుకో చెప్పింది. చేతులు కడుక్కోవడం, ఎంగిలి, ఇరవై ఒక్క రోజులు, కుడి చెవి, అన్నీ చెప్పింది.

ఆ అమ్మాయి నోరెళ్లబెట్టి వింది. "ఇంత సంగతుంటే ఎవరూ చెప్పరేంటండీ?"

ముక్తేశ్వరరావు రాస్తున్న కాగితం మీంచి తలెత్తకుండానే, ఎప్పటిలాగే మర్యాదగా జవాబిచ్చాడు. "అందరికీ ఉన్నదే కదమ్మా. ప్రత్యేకించి ఎవరికని చెప్తాం?"

వరసలో ఉన్నవాళ్లంతా నిజమేనన్నట్టు తలలూపారు. ఆ ఊగిన తలల్లో తనదీ ఉందని సుభాషిణి కాసేపటికి గానీ గమనించలేదు.