లిఫ్టు బేరానికి ఏ భాష మేలు?

ముందుగా ఒక మనవి. నేను మా ఆయన పోయాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ఒత్తులు ఎగిరిపోయినా, దీర్ఘాలు సాగకపోయినా మీరే సర్దుకుని చదవండి. నిదానంగా రాస్తాను. తొందరేమీ లేదు, నేను ఇప్పట్లో కదిలేలా లేను.

మా భవనంలో లిఫ్టు కాలం చేసింది. అది కూడా, నేను కంటి చుక్కల మందు కొనుక్కుందామని అయిదో అంతస్తు నుంచి దిగి బయట కాలు పెట్టిన మరుక్షణం. నా మోకాళ్ళు మెట్లతో ఎప్పుడో మాటలు మానేశాయి. అందుకని ఆ రోజు నుంచి కిందే, వాచ్‌మన్ గదిలో, అతని భార్య పక్కన పడుకుంటున్నాను.

కొత్త లిఫ్టు కొనాలని భవన సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. చైనా కంపెనీ ఒకటి, జర్మనీ కంపెనీ ఒకటి పరిశీలనకు వచ్చాయి. చటుక్కున ఏదో ఒకటి కొనేసే అవివేకులు వేరే భవనాల్లో ఉంటారు. మా అధ్యక్షులవారు బస్సు టికెట్టుకు కూడా బేరమాడి, కుదరక నడిచి వచ్చిన మనిషి. అందరూ ఆయన్ను బేరాల బాబాయి అంటారు.

"సోదర సోదరీమణులారా! అమ్మేవాడి భాషలో బేరమాడితేనే వాడి గుట్టు తెలుస్తుంది. కనుక ముందు భాష, తర్వాత బేరం, ఆ తర్వాతే లిఫ్టు!" అని ఆయన ప్రకటించారు. చప్పట్లు మారుమోగాయి. నేనూ కొట్టాను. అందరూ కొడుతుంటే ఊరుకోవడం బాగుండదు కదా.

ఏ భాష అన్న దగ్గర భవనం రెండుగా చీలింది. జర్మన్ అయితే మామూలుగా మాట్లాడినా గద్దించినట్టుంటుంది, ధర దానంతటదే దిగుతుందని బాబాయి వాదం. చైనీస్ అంతమంది మాట్లాడతారు, వాళ్ళలో ఒక్కడైనా చవగ్గా ఇవ్వకపోతాడా అని కార్యదర్శి వాదం. చైనీస్ తరగతి పార్కింగులో మొదలైంది, కార్లు వీధిన పడ్డాయి. జర్మన్ తరగతి డాబా మీద. రోజూ అంత ఎత్తు ఎక్కి దిగడంతో జర్మన్ వర్గానికి పిక్కలు గట్టిపడి, అసలు లిఫ్టు అవసరమా అన్న మౌలిక ప్రశ్న కూడా తలెత్తింది.

మా అబ్బాయిది జర్మన్, కోడలిది చైనీస్. కోడలు రోజూ నాకు క్యారేజీ తెచ్చిపెడుతుంది.

"ఎంతవరకొచ్చిందే నీ చదువు?"

"'ధర తగ్గించండి' పన్నెండో పాఠంలో ఉందట అత్తయ్యా. మేమింకా 'బాగున్నారా' దగ్గరే ఉన్నాం."

"నా మంచం మీద ఎవరు పడుకుంటున్నారు?"

"మీ అబ్బాయి జర్మన్ పుస్తకాలు, అత్తయ్యా."

ఇంతలో రెండు కంపెనీల మనుషులూ ఒకే రోజు వచ్చారు. ఇద్దరూ చక్కగా మన భాషలో, పక్కింటివాళ్ళలా మాట్లాడారు. "వారంలో బిగించేస్తాం సార్, పెద్దావిడ పాపం కిందే ఉండిపోయినట్టున్నారు" అన్నాడొకాయన. నాకు ప్రాణం లేచొచ్చింది.

బాబాయి కళ్ళు చిన్నవి చేశారు. "మన భాష వచ్చినవాడు మనల్ని ముంచక మానడు. అసలైన సరుకున్నవాడికి మన మాట ఒక్కటైనా వస్తుందా?"

సంఘం తలూపింది. ఇద్దరినీ గేటుదాకా సాగనంపి, భాష తేల్చడానికి ఎన్నిక పెట్టారు. ఓట్లు సమానంగా చీలాయి. నా ఒక్కదాని ఓటు మిగిలింది.

చైనీస్ వర్గం నాకు మెత్తటి పరుపు ఇస్తామంది. జర్మన్ వర్గం మరో మెట్టు పైకెక్కింది. "పెద్దమ్మగారూ, మమ్మల్ని గెలిపిస్తే నలుగురం మోసుకెళ్ళి మిమ్మల్ని ఇంట్లో దింపుతాం." నా వయసులో నలుగురు మోస్తామంటే కాస్త ఆలోచించాలి. కుర్చీలోనే అని వాళ్ళు సర్దిచెప్పాక ఓటు వేసేశాను.

జర్మన్ గెలిచింది. కుర్చీ వచ్చింది. మోసేవాళ్ళు డాబా మీద తరగతిలో ఉన్నారు.

నవ్వకండి. మీరు వేసిన ఓటుకు మీకు కుర్చీ కూడా వచ్చి ఉండదు.

ఇట్లు,
అయిదో అంతస్తు అత్తయ్య,
వయసు డెబ్బై రెండు,
ప్రస్తుత నివాసం: కింద, మెట్ల పక్కన కుర్చీ.