తొలి తూటా నిబంధన

ఒక ప్రభుత్వం ఎంత ఎదిగిందో తెలుసుకోవాలంటే దాని రోడ్లూ వంతెనలూ చూడనక్కర్లేదు. పాత సైనిక తుపాకుల తనిఖీ కార్యాలయంలో అరగంట కూర్చుంటే చాలు. (కుర్చీ దొరికితే.)

సైన్యం వాడి వదిలేసిన రైఫిళ్లు కాపలా దళానికి వస్తాయి. ఏటా గురి ప్రదర్శనకు ముందు గొట్టం లోపలి కొలత ఎంతుందో, తూటా దానికి సరిపోతుందో లేదో చూసి ‘సురక్షితం’ అని ముద్ర వేయడం తనిఖీ అధికారి పని. ఆయన పద్ధతి శాస్త్రీయమైనది. గొట్టం మీద చెక్కిన అంకె చూస్తాడు, తూటాల పెట్టె మీది అంకె చూస్తాడు, రెండూ ఒకటైతే ముద్ర గుద్దేస్తాడు. ఆ అంకె చెక్కిన నాటికి ఆయన తాతగారికి పెళ్లే కాలేదనీ, అప్పట్నుంచీ గొట్టం అరుగుతూనే ఉందనీ ఎవరైనా అంటే ఆయనకు ఒళ్లు మండుకొచ్చేది. కొలిచే గేజి ఉంది, లేకపోలేదు. వాడితే అరిగిపోతుందని బీరువాలో పెట్టి తాళం వేశారు.

కాల్చేది మాత్రం ఆయన బావమరిది, ఆ దళంలో జవాను. నిరుడు రైఫిల్ వెనక నుంచి మంట చిమ్మి పాపం కుడి కనుబొమ్మ మాడి మసైపోయింది, మళ్లీ మొలవలేదు.

“ఏవండీ, ఈసారైనా లోపల చూసి చావండి. నాకున్నది ఒక్కడే తమ్ముడు,” అంది భార్య.

“అంకెలు సరిపోయాయే! తేడా ఉంటే మీవాడి మొహంలోనే ఉండాలి.”

ఇంతలో పైనుంచి ఉత్తర్వు ఊడిపడింది: ముద్ర వేసినవారే తొలి తూటా కాల్చవలెను.

అధికారికి బీరువాలోని గేజి గుర్తొచ్చింది. పరుగున వెళ్లి తాళంచెవి కోసం స్టోరు గుమాస్తా మీద పడ్డాడు. గుమాస్తా ససేమిరా అన్నాడు.

“గేజి బయటికి తియ్యాలంటే దానిమీద సురక్షితమని ముద్ర ఉండాలండీ.”

“ఆ ముద్ర వేసేది నేనే కదయ్యా!”

“అయితే దాన్ని కూడా ముందు మీరే కాల్చాలేమోనండీ.”

తాళం బద్దలైంది. (శాస్త్రం ముందుకు సాగాలంటే కొన్ని తప్పవు.) మొదటి గొట్టంలో గేజి పెడితే అటునుంచి జారి ఆయన కాలిమీదే పడింది. రెండోదాంట్లో అసలు దూరలేదు. కుమ్మరి పురుగు లోపల మట్టిగూడు కట్టుకుని కాపురం పెట్టింది. తూటాలకేమో పచ్చటి చిలుము. సాయంత్రానికి ఒక్కటి మిగలకుండా రైఫిళ్లన్నీ ‘ప్రమాదకరం’ అయి కూర్చున్నాయి.

“ఇన్నాళ్లకి మా తమ్ముడి మీద మీకు ప్రేమ పుట్టింది,” అని భార్య కళ్లొత్తుకుంది. ఆయన కాదనలేదు.

మర్నాడు డైరెక్టరు పిలిపించాడు. “ప్రదర్శన నెత్తిమీదికొచ్చింది. ఏళ్ల తరబడి సురక్షితంగా ఉన్నవాటికి ఇప్పుడేం పుట్టిందయ్యా?”

“ఏళ్ల తరబడి కాల్చింది నేను కాదు కదండీ.”

డైరెక్టరు గడ్డం నిమురుకున్నాడు. ఇంత స్పష్టమైన సాంకేతిక వివరణ ఆయన సర్వీసులో ఎరగడు. మధ్యాహ్నానికి నిబంధన సవరించారు: ముద్ర వేసినవారు తొలి తూటా వేళకు తగినంత దూరంలో నిలబడి చప్పట్లు కొట్టిన చాలును.

సాయంత్రానికల్లా తుపాకులన్నీ సురక్షితమైపోయాయి. బావమరిదికి ఇంకో కనుబొమ్మ ఎలాగూ ఉంది.