సింహం చేప ఉపవాసం

మునగాల దగ్గర హైవే పక్కన హోటల్ నడిపే పరశురాములు ఆ రోజు పొద్దున్నే రెండు పనులు పెట్టుకున్నాడు. చేప చేత ఫ్రిజ్‌లోని ఐసు రొయ్య తినిపించాలి. మధ్యాహ్నం కోదాడ నుంచి వచ్చే ట్రావెల్స్ ఓనరు జవహర్ చేత సరే అనిపించాలి. మొదటిది చిటికెలో అయిపోతుందని, రెండోదే కష్టమని అతను అనుకున్నాడు. మనిషి అనుకోవడానికేం, అనుకుంటాడు.

జవహర్ బస్సులు హైదరాబాద్, విజయవాడ మధ్య తిరుగుతాయి. అవి రాత్రి భోజనానికి ఇక్కడ ఆగితే హోటల్ నిలబడుతుంది. ఆగకపోతే, రోడ్డు మీద కాస్త అవతల కొత్తగా వెలసిన ఏసీ ఫుడ్ కోర్టు దెబ్బకు షట్టర్ దించేసి, సొంతూరు నిడమనూరు పోయి అన్నల గొర్రెల వెంట కర్ర పట్టుకు నడవాల్సిందే. పరశురాములుకు గొర్రెలంటే భయం లేదు. "ఏందిరో హోటల్ సేటూ, వచ్చినవా?" అని అన్నలు నవ్వే నవ్వంటేనే భయం.

కార్లు ఆపడానికే అతను ఆ చేపను తెచ్చాడు. సూర్యాపేటలో అక్వేరియం దుకాణం పెట్టుకున్న కిషన్, "అన్నా, ఇది సముద్రపు చేప, సింహం చేప అంటరు. దీన్ని సూడనీకే కార్లు ఆగుతయి" అని అంటగట్టాడు. ఒళ్ళంతా చారలు, జూలులాంటి రెక్కలు. ఉప్పునీళ్ళ తొట్టిలో అది కొత్తల్లుడిలా తిరుగుతుంటే నిజంగానే కార్లు ఆగాయి. అలకలు కూడా కొత్తల్లుడివే. బతికున్న చేపపిల్లలు తప్ప మరొకటి ముట్టదు. మిర్యాలగూడ నుంచి కాలువ చేపపిల్లలు పట్టి పంపే పెద్దులు అనే అతనేమో సాగర్ కాలువకు నీళ్ళు బందయ్యాయని చేతులెత్తేశాడు. అప్పట్నుంచి చేపకు ఉపవాసమే.

"ఫ్రిజ్‌ల రొయ్యలు అలవాటు చెయ్యన్నా," అని కిషన్ ఫోన్లో ఉపాయం చెప్పాడు. "ఎల్లిగడ్డ రసంల నానబెట్టి, పుల్లకు గుచ్చి, బతికున్నట్టు ఆడియ్యి. వాసనకే వస్తది."

పరశురాములు భార్య లత వెల్లుల్లి దంచి రసం తీసింది. "నాకు జరమొస్తే ఒక్కనాడన్న గ్లాసుడు పాలు కాసిచ్చినవా? చేపకు మాత్రం ఎల్లిగడ్డ రసమంట!" అని గొణుగుతూనే గిన్నె అందించింది.

పరశురాములు స్టూలెక్కి, పుల్లకు గుచ్చిన రొయ్యను నీళ్ళలో నాట్యం చేయించాడు. చేప ఒకసారి చూసి, వెనక్కి తిరిగి తోక చూపించింది. "తిను నాయనా, నా బంగారం గద, ఒక్కటి తిను," అని అతను బతిమాలుతుంటే, ఆమ్లెట్ తింటున్న కళ్ళద్దాల ఆసామి ఒకడు లేచొచ్చి ఫోన్లో వీడియో తీయసాగాడు.

"ఏం పెడుతున్నరన్నా దానికి?"

"రొయ్య సార్. మా కిచెన్లదే, ఫస్ట్ క్లాస్ మాల్!" అన్నాడు పరశురాములు గర్వంగా.

ఆ ఆసామి చేప తోకను చూశాడు, రొయ్యను చూశాడు, సగం తిన్న తన ఆమ్లెట్‌ను చూశాడు. చెంచా అక్కడే పెట్టి వెళ్ళిపోయాడు.

టిఫిన్ల వేళ దాటకముందే ఆ వీడియో సూర్యాపేట నుంచి కోదాడ దాకా అన్ని వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది. కింద ఒక వాక్యం కూడా తగిలించారు: "ఈ హోటల్ తిండిని చేప కూడా ముట్టుకోలేదు." లత చెల్లెలు శిరీష సూర్యాపేట నుంచి ఫోన్ చేసి, "అక్కా, అసలు మీరు ఏం కలుపుతున్నరే?" అని అడిగింది. సొంత చెల్లెలే అలా అడిగాక ఊరి జనాన్ని అని లాభం లేదు. హోటల్ ముందు వేగం తగ్గించిన కార్లు కూడా బోర్డు చదివి మళ్ళీ వేగం పెంచుకున్నాయి.

వంటమాస్టర్ లింగస్వామి కూడా వీడియో చూశాడు. చూసి, నడుముకు కట్టుకున్న తువ్వాల విప్పి కౌంటర్ మీద పడేశాడు.

"లారీలోళ్ళు మలుపుకొని వచ్చి మరీ నా రొయ్యల వేపుడు తిని పోతరు. ఇయ్యాల ఓ చేప నన్ను ఫెయిల్ జేస్తదా? అది తిన్నదాక నేను పొయ్యి ముట్ట!"

"అది పచ్చి రొయ్యరా నాయనా! నువ్వు వండింది కాదు గద," అని పరశురాములు మొత్తుకున్నాడు.

"గది నీకు తెలుసు, నాకు తెలుసు. వీడియో సూసినోనికి తెలుసా?"

లింగస్వామి బయట మంచం వేసుకుని కూర్చున్నాడు. తినని చేప ఒకవైపు, వండని మాస్టర్ ఒకవైపు. సరిగ్గా అప్పుడే జవహర్ కారు దిగాడు.

జవహర్ మాటకారి కాదు. ఖాళీ బల్లలన్నీ ఒకసారి చూసి, నేరుగా తొట్టి ముందుకు పోయి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"తినట్లేదంటగా?" అన్నాడు.

పరశురాములు గబగబా పుల్ల తీసి లత చేతికిచ్చాడు. ఈయనా చూశాడన్నమాట! "తింటది సార్, ఇగ తింటది. జర ఆగుండ్రి," అన్నాడు చెమటలు తుడుచుకుంటూ.

"పర్లేదండి, ఆగుతా." జవహర్ అలాగే నిలబడ్డాడు. నిడమనూరు గొర్రెలు పరశురాములు కళ్ళ ముందు వరసకట్టాయి. లత స్టూలెక్కి కొత్త రొయ్య గుచ్చింది. చేప ఈసారి తోక చూపించే శ్రమ కూడా తీసుకోలేదు.

ఈ గోలంతా విని వెనకింట్లోంచి పరశురాములు తల్లి రేణుకమ్మ వచ్చింది. ఆమె ఒక చేతిలో ఉప్పూ మిరపకాయలూ, మరో చేతిలో పెద్ద స్టీలు తాంబాలం ఉన్నాయి.

"దిష్టిరా అది! వచ్చిపోయే కార్లోళ్ళంత గుడ్లప్పగిచ్చి సూస్తుంటే ఏ పానం ముద్ద మింగుతది? పసిపోరనికి బువ్వ పెట్టేటప్పుడు కొంగు అడ్డం పెట్టుకోమా?"

"అమ్మా, సార్ ఉన్నరే..."

"నువ్వాగు. ఉప్పునీళ్ళల్ల ఉండేటిదానికి ఉప్పుతోని ఏం దిష్టి పోతదని మిరపకాయలు ఇంకిన్ని తెచ్చిన."

మూడుసార్లు తిప్పి, పిడికిట్లోవి తీసుకుపోయి ఆరిపోతున్న పొయ్యిలో పారేసి వచ్చింది. తర్వాత తాంబాలాన్ని తొట్టి అద్దానికి అడ్డంగా నిలబెట్టి పట్టుకుంది. "ఇగ ఎవ్వలు సూడకుండ్రి. అటు తిరుగుండ్రి! నువ్వు గూడ, బిడ్డా."

బస్సుల యజమాని బుద్ధిగా గోడవైపు తిరిగాడు. పరశురాములూ తిరిగాడు. గుమ్మంలో నిలబడి చూస్తున్న లింగస్వామి కూడా రోడ్డువైపు తిరిగాడు. పుల్ల పట్టుకున్న లత ఒక్కతే చూస్తోంది.

తళతళలాడే తాంబాలంలో చేపకు మరో సింహం కనిపించింది. ఇది జూలు విప్పింది. అదీ విప్పింది. ఇది రొయ్య వైపు జరిగింది. అదీ జరిగింది. ఇక ఆగితే లాభం లేదనుకుందో ఏమో, లటుక్కున రొయ్యను మింగేసింది.

"తిన్నది!" అని లత అరిచిన అరుపుకు లింగస్వామి ఉలిక్కిపడ్డాడు. రెండో రొయ్యా పోయింది. మూడోదీ పోయింది. పరశురాములు కింద కూలబడి, సిగ్గు లేకుండా ఏడ్చేశాడు. ప్రాణం తేలికపడింది.

"తాంబాలంల తన బొమ్మ సూసి, ఇంకోటి గుంజుకుంటదని తిన్నదన్నా," అని ఫోన్లో కిషన్ తేల్చాడు.

"దిష్టి పోయింది," అని రేణుకమ్మ తేల్చింది. ఎవరి తీర్పు వాళ్ళు ఉంచుకున్నారు. లింగస్వామి మాత్రం తువ్వాల నడుముకు చుట్టి పొయ్యి రాజేశాడు.

"ఇటు తిరగొచ్చాండీ?" అని గోడ దగ్గర్నుంచి జవహర్ గొంతు వినిపించింది.

"అయ్యో, తిరుగుండ్రి సార్! తిన్నది సార్!"

"సంతోషమండి. బాత్రూములు ఎటు?"

పరశురాములు చెయ్యి చూపించాడు. వెళ్ళిన జవహర్ చాలాసేపటికి గాని తిరిగి రాలేదు. వచ్చేటప్పుడు ముఖం వెలిగిపోతోంది.

"కుళాయిల్లో నీళ్ళొస్తున్నాయి, గడియలు పడుతున్నాయి, వాసన లేదు. ఈ రోడ్డు మీద మధ్యాహ్నం పూట ఇంత శుభ్రంగా ఉన్నవి ఎక్కడా చూళ్ళేదండి. రేపటి నుంచి మా బస్సులు ఇక్కడే ఆగుతాయి."

"మరి... చేప సంగతి సార్?"

"చేపలు బస్సెక్కవు కదండీ. దిగిన ప్యాసింజరు ముందు అడిగేది బాత్రూమే."

వీడియో పుణ్యమా అని టిఫిన్ల వేళ నుంచి హోటల్లోకి ఒక్క మనిషీ రాలేదన్న సంగతి పరశురాములు ఆయనకు చెప్పలేదు.