నూలు మూటలో హాల్ టికెట్టు

1968 మార్చిలో ఒక ఉదయం పొందూరు అసిరమ్మ రెండే పనులు పెట్టుకుంది. వడికిన నూలు మూటను ఖాదీ సంఘంలో దించి రావడం, మనవరాలు పద్మకుమారిని ఎస్సెల్సీ లెక్కల పరీక్షకు పంపడం. మొదటిది తెల్లారేసరికే నిక్షేపంగా అయిపోయింది.

"మామ్మా, హాల్ టికెట్టు కనపడ్డం నేదే," అంది పద్మ నేలచూపులు చూస్తూ.

లెక్కల్లో ఆ పిల్లను మించినవాళ్లు ఊళ్లో లేరు. కానీ కిందటేడు ఇదే పరీక్షలో కడుపునొప్పని అరగంటకే లేచి వచ్చేసింది. ఈసారీ తప్పితే ఇక బడి లేదు, రాట్నమే.

గుమ్మంలో పక్కింటి జగ్గమ్మ మేక ఏదో నములుతోంది.

"ఒసే జగ్గీ! నీ మేక నా మనవరాలి సదువు మింగేసిందే!"

"నా మేక కాయితాలు ముట్టదు. జామాకే తింటాది!"

"అయితే కడుపు కోసి సూద్దాం," అని అసిరమ్మ కత్తిపీట ఎత్తింది.

జగ్గమ్మ మేకను కావలించుకుని శోకాలు పెట్టింది. వీధంతా పోగై, సగం మంది మేక పక్షం, సగం మంది చదువు పక్షం చేరారు. సర్ది చెప్పడానికి సైకిలు దిగిన లెక్కల మేష్టారు కూర్మయ్య పంచె చెంగు మేక నోట్లోకి పోయింది.

"సూసేరా మేస్టారూ! ఏదైనా తింటాది!" అని అసిరమ్మ అరిచింది.

ఆ మేకకు రోజూ జామాకు పెట్టేది పద్మే. ఇక తట్టుకోలేక భోరుమంది. "మేకనొగ్గేయే మామ్మా! టికెట్టు నేనే నూలు మూటలో దాసేసినాను."

"ఎందుకమ్మా?" అన్నాడు మేష్టారు.

"పాసైతే ఇజీనగరం కాలేజీకి పంపుతారు. అక్కడ నాకేటీ రాదని తెలిసిపోతాది. ఇక్కడైతే పరీక్ష రాయకండానే తెలివైనదాన్ని."

"తప్పుతామని భయపడ్డోళ్లని సేనామందిని సూసేను. నెగ్గుతానని భయపడ్డదానివి నువ్వొక్కర్తివే. ఎక్కు సైకిలు!" అన్నాడు మేష్టారు.

సంఘంలో ఆ మూట అప్పటికే నూలు గుట్టలో కలిసిపోయింది. నూలు తెచ్చిన ఆడవాళ్లు నలభై మంది గుట్టంతా విప్పేశారు. పరీక్షకు పది నిమిషాల ముందు టికెట్టు దొరికింది. దొరికాక ఒక్కరూ ఇంటికి పోలేదు.

అరగంట కాగానే పద్మకు మళ్లీ కడుపునొప్పి వచ్చింది. లేవబోతూ కిటికీలోంచి చూసింది. బడి గేటు ముందు నలభై మందీ తకిలీలు తిప్పి నూలు వడుకుతూ కూర్చున్నారు. ముందు వరసలో మామ్మ, జగ్గమ్మ, మేక. వాళ్లను దాటుకుపోవడం కన్నా లెక్కలు చెయ్యడమే తేలికనిపించి, ఆఖరి లెక్కదాకా చేసింది.

ఫస్టు క్లాసు వచ్చిన రోజున అసిరమ్మ, "మా పద్మ ఇజీనగరం ఎల్తాది," అని అడగనివాళ్లకు కూడా చెప్పింది. చెబుతూ చెబుతూ ఏడ్చింది. మేకకైతే రెండుసార్లు చెప్పింది.

మరుసటేడు పరీక్షల పొద్దున ఊళ్లో తల్లులందరూ కలిసొస్తుందని పిల్లల హాల్ టికెట్లు లాక్కుని, నూలు మూటల్లో పెట్టి సంఘానికి పంపేశారు.