సోమరి కంటిపై శంకరవ్వ దండయాత్ర

కండ్లున్న వారెల్లరు వినుడు. మానేరుజలకణశీతలమారుతములు వీచే సీమలో, జమ్మికుంట కార్పాసవిపణికి రెండు కోసుల దూరాన, పత్తికాయ పగిలి పల్లె తెల్లబారిన పంతొమ్మిది వందల అరవై రెండవ సంవత్సర కార్తీకమున, ఐదేండ్ల నర్మద కంట ఘోరసంగ్రామం పుట్టింది. ఆ బాలామణి కుడికన్ను కర్మయోగి. ఎడమకన్ను మాత్రం విశాలసుందరమై, సోమరిశిఖామణియై, చూసే చాకిరీ అంతా కుడిదానికి ఒప్పగించి రెప్పల పందిరి కింద విశ్రమించేది.

కరీంనగరంలో కంటి డాక్టరు శాసించాడు: “రోజుకొక చుక్క మంచి కంట్లనే వెయ్యాలె. అది మసకబారితె బద్ధకపుది పనికి దిగుతది. ఏడేండ్లు దాటితె నేనేం జెయ్యలేను.”

నర్మద తల్లి శంకరవ్వ, పత్తిచేల ఏకవీర, పొద్దున్నే ఏరబోవలసినది గనుక, ఆ మందుసీసాను అత్త లింగవ్వ చేత పెట్టి మూడుసార్లు చెప్పిపోయింది. అంత లింగవ్వాదేవి మనవరాలిని ఒడిలో కూల్చి, మోకాళ్లతో కాళ్లను బంధించి, “మండుతది బాపమ్మా” అన్న ఆర్తనాదాన్ని బెల్లంముక్కతో ఛేదించి, గాజుగొట్టం రబ్బరుతల నొక్కి, ఆ దివ్యబిందువును అచంచలవిశ్వాసంతో ఎడమకంట్లో విడిచింది. రోగమున్న చోట కాక మందు మరెక్కడ వేస్తారు? ఇరవైయొక్క దినాలు ఈ యుద్ధమే. సోమరికి మూడు వారాల అదనపు సెలవు దొరికింది.

మళ్లీ కరీంనగరం పోతే, డాక్టరు రెప్ప ఎత్తి, “మందు ఏ కంట్ల పడుతున్నది?” అన్నాడు. నర్మద ఎడమకన్ను చూపింది. తిరుగు బస్సులో శంకరవ్వకు ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది.

ఇంటికొచ్చి నిలదీస్తే, లింగవ్వ కొంగు బిగించి పలికింది: “ఉన్నదే ఒక్క మంచి కన్ను. దాంట్ల మందు పోసి పిల్లను గుడ్డిదాన్ని జెయ్యాల్నా? గుంజే ఎద్దును కొట్టంల కట్టేసి, పండుకునేదానితోని దున్నుతరా?”

“పండుకునే ఎద్దుకు పని నేర్పాల్నంటె మామ ఏం జేసిండు అత్తా? గుంజేదాన్ని కొట్టంలనే ఉంచి, పండుకునేదాన్నొక్కదాన్నే గుంటుకకు కట్టలే? గుంజక ఏం జేసింది మరి?”

నలభై వానకాలాల సేద్యం లింగవ్వపైనే తిరగబడింది. మందుసీసాను భయంభయంగా చేతిలోకి తీసుకుంది.

“నాకు బుగులయితుందే.”

“నాగ్గూడ బుగులే. నువ్వే వెయ్యి.”

ఆ వృద్ధవీరాంగన గాజుగొట్టం ఎత్తింది. తొలి చుక్క చెంపను, మలి చుక్క ముక్కును ముట్టడించాయి. మూడవది కుడికంట్లో దిగింది. ఆనాటినుండి రోజూ అక్కడే దిగింది. నర్మద చెంబును తన్నింది, గడపను తన్నింది, అంతా మసక అని ఏడ్చింది. ఆ ఏడుపుకు లింగవ్వ కూడా ఏడ్చింది గాని చుక్క మానలేదు.

పుష్యమాసపు ఒక మధ్యాహ్నం లింగవ్వ అరుగు మీద జుట్టు విప్పుకొని కూర్చుంటే, నర్మద వెనక మోకరిల్లి, ఆ ధవళకేశారణ్యంలో చాలాసేపు వెతికి, “కదలకు బాపమ్మా” అని, రెండు గోళ్ల నడుమ టిక్కుమనిపించింది.

“కుడిది మసకేనాయె, దేంతోని చూసినవే?”

“గీ కన్నుతోని.”

ఏనుగులు కూలలేదు, కోటలు కూలలేదు. ఆ పుణ్యదినాన ఒక పేను హతమైంది. జయము, జయము. ముడి వేసుకోవడం మరచి, ఆ కళేబరాన్ని బొటనగోటి మీద నిలుపుకొని, గాలికి ఎగిరిపోకుండా రెండో చేయి అడ్డుపెట్టి, లింగవ్వ కోడలికి చూపించడానికి పత్తిచేనుకు పరుగెత్తింది.