పువ్వు పేరు చెప్పినందుకు

పువ్వుల పేర్లు తెలియకపోవడం మన జాతికి దక్కిన మహా వరం! నవ్వకండి. పేరు లేని పువ్వు హాయిగా పూస్తుంది, హాయిగా రాలుతుంది. దానికో పేరు పెట్టి చూడండి, వారం తిరక్కుండా వంశం మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది.

నమ్మరా? అనకాపల్లిలో బోటనీ చెప్పే ఈశ్వరి మేడమ్‌ని అడగండి.

పాపం, ఆదివారం వస్తే ఆవిడకి సీరియలూ పట్టదు, చీరల షాపూ పట్టదు. కె. కోటపాడు అవతల కొండెక్కి, చెట్ల నీడలో పూసే ఓ ఊదారంగు పువ్వు ముందు చతికిలబడేది. భూతద్దంలో చూస్తే అది ఒక పువ్వు కాదు, ఒకే బొడిపె మీద కిక్కిరిసిన బుల్లి పువ్వుల గుంపు. అంటే చామంతి కుటుంబమే! పుస్తకాలన్నీ తిరగేసి, అది సహదేవి మొక్కకి దగ్గర చుట్టమనీ, మన అడవుల్లో పుట్టిందేననీ తేల్చింది. ఆ సంతోషం పట్టలేక లోకల్ కేబుల్ చానెల్ నడిపే బాబ్జికి చెప్పింది. అదీ ఆవిడ చేసిన పాపం.

వార్త రాగానే ఫోన్లే ఫోన్లు! పువ్వు ఎలా ఉంటుందని ఒక్కరైనా అడిగారా? రామరామ! అందరిదీ ఒకటే మాట.

"దేనికి పనిచేత్తాదండీ?"

దేనికీ పనిచేయదు, చూడ్డానికి బాగుంటుందంతే అని ఆవిడ నిజం చెప్పింది. అంటే ఏదో దాస్తోందన్నమాట! సాయంత్రానికల్లా అది షుగరుకి మందయింది. మర్నాటికి మోకాళ్లకి, ఆపైన బట్టతలకి కూడా. జనం ఆటోలు కట్టించుకుని కొండెక్కారు. అచ్యుతాపురం డ్యూటీకి జనాన్ని తీసుకెళ్లే కంపెనీ బస్సు కూడా అటు మళ్లిందట! వేళ్లతో సహా పీకి కషాయం కాచుకున్నారు.

తర్వాతి ఆదివారం ఆవిడ వెళ్లేసరికి కొండ బోడిగా ఉంది. నిలబడ్డచోటే ఏడుపొచ్చింది. పక్కనే చోడి చేను, అదే రాగి చేను, చేసుకునే జోగి, బండ సందులో మిగిలిన నాలుగు మొక్కలు చూపించాడు.

"ఈటిని కూడా ఒగ్గరమ్మా, పీకేత్తారు," అన్నాడు.

ఎన్నడూ అబద్ధమాడని ఈశ్వరి ఆ సాయంత్రమే కేబుల్లో కనిపించింది. పరిశోధనలో పొరపాటు జరిగిందనీ, ఆ మొక్కతో ఒళ్లంతా దురదలు పుడతాయనీ గంభీరంగా ప్రకటించింది.

అంతే, కొండ ఖాళీ! నిన్నటిదాకా షుగరు తగ్గిందనీ, జుట్టు మొలుస్తోందనీ చెప్పుకున్నవాళ్లందరూ తెల్లారేసరికి గోక్కోవడం మొదలెట్టారు. అందరికంటే ముందు బాబ్జి ఫోను చేశాడు.

"మేడమ్, ఈ దురదకి ఏ మొక్క పనిచేత్తాదండీ?"

బోటనీ మేడమ్ కదా, రెండు మూడు పేర్లు నాలుక చివరిదాకా వచ్చాయి. మింగేసింది.

"నాకు మొక్కల పేర్లు తెలీవు బాబ్జీ," అంది.